తూర్పు కయోటీ, ఇళ్ళ చుట్టూ తిరిగే ఇతర వేటజంతువులు

ఉత్తర అమెరికా ఈశాన్య భాగంలో, అంటే అమెరికాలోని న్యూ ఇంగ్లండ్, న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లోనూ, కెనడాలో ఆంటారియో మొదలుకొని నోవా స్కోషియా దాకానూ కనిపించే పెద్ద జాతి కయోటీని తూర్పు కయోటీ అంటారు. ఇది కుక్కల కుటుంబానికి చెందిన జంతువు. పడమటి మైదానాల్లో తిరిగే అసలు కయోటీ కంటే ఒడ్డూ పొడుగూ ఎక్కువ. ముట్టె వెడల్పు, దవడ గట్టి. దీని రక్తంలో తోడేలు పాలూ ఉంది, పెంపుడు కుక్క పాలూ ఉంది. ఆ ప్రాంతపు పల్లెల్లో ఎవరో ఒకరు తరచు చెప్పే మాట ఒకటుంది: నిన్న రాత్రి పెరట్లోకి వచ్చింది మామూలు కయోటీ కాదు, తోడేలంత ఉంది అని. ఆ మాట కొంత నిజం, కొంత బొచ్చు చేసే మాయ. ఎప్పుడో ఒకసారి అక్షరాలా నిజం కూడా.

కయోటీకి శాస్త్రీయ నామం కేనిస్ లాట్రాన్స్. 1823లో థామస్ సే అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడు. మిసోరి నది ఒడ్డున, ఇప్పటి నెబ్రాస్కా ప్రాంతంలో విడిది చేసిన లాంగ్ అన్వేషణ యాత్ర బృందంలో ఆయన సభ్యుడు. మన పంచతంత్రంలో నక్కకు ఉన్న పాత్రే అమెరికా ఆదివాసుల కథల్లో కయోటీకి ఉంది: జిత్తులమారి, ఒక్కోసారి తన జిత్తులకు తనే చిక్కేది. తెల్లవాళ్ళ సాహిత్యంలో అంత మర్యాద దక్కలేదు. 1949లో మొదలైన రోడ్ రన్నర్ కార్టూన్లు చూసి పెరిగిన పిల్లలకు అది ఎప్పుడూ కొండ మీంచి కింద పడే జంతువే.

ఎంత పెద్దది?

పడమటి కయోటీ సాధారణంగా 9 నుంచి 14 కిలోల మధ్య తూగుతుంది. మసాచుసెట్స్ వన్యప్రాణి శాఖ లెక్కల ప్రకారం అక్కడి మగవి 15 నుంచి 21 కిలోలు, ఆడవి 15 నుంచి 18 కిలోలు ఉంటాయి. మనకు తెలిసిన జంతువులతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. మన పొలాల్లో తిరిగే నక్క పది కిలోలకు అటూ ఇటూ. అనంతపురం, మహబూబ్‌నగర్ మెట్టల్లో గొర్రెల మందల వెంట తిరిగే తోడేలు సుమారు 17 నుంచి 25 కిలోలు. అంటే పడమటి కయోటీ మన నక్క కంటే కాస్త పెద్దది. తూర్పు కయోటీలో బాగా ఎదిగిన మగది మన ఆడ తోడేలుకు తీసిపోదు. అయితే తోడేలు అనగానే అమెరికావాళ్ళ మనసులో మెదిలేది మన తోడేలు కాదు, 35, 40 కిలోల ఉత్తరాది బూడిదరంగు తోడేలు. తూర్పు కయోటీ దానిలో సగమే.

మరి చూసినవాళ్ళంతా ముప్పై కిలోలు, నలభై కిలోలు అని ఎందుకంటారు? మొదటి కారణం చలికాలపు బొచ్చు. అక్టోబరు నుంచి మెడ చుట్టూ, వీపు మీద, తోకకూ ఒత్తైన బొచ్చు పెరుగుతుంది. మంచు మీద నిలబడితే జంతువు దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. అదే జంతువు జూలైలో బొచ్చు రాలిపోయి, కాళ్ళు సన్నగా, చెవులు పెద్దగా అగుపిస్తే దాన్ని జబ్బుపడ్డ కుక్క అనుకునేవాళ్ళూ ఉన్నారు. గజ్జి పట్టి బొచ్చంతా ఊడిపోయిన కయోటీలనయితే టెక్సస్‌లో మేకల రక్తం తాగే చుపకాబ్రా అనే కల్పిత జంతువుగా నమ్మిన సందర్భాలున్నాయి. రెండో కారణం, కయోటీ ఎక్కువగా సందెచీకట్లోనే కంటబడుతుంది. పక్కన కొలత చూసుకోవడానికి ఏమీ ఉండదు. కాటా మీద పెట్టి తూచినప్పుడు ముప్పై కిలోలు దాటిన కయోటీలు చాలా అరుదు. తరచు చెప్పుకునే రికార్డు 1937లో వయోమింగ్ రాష్ట్రం ఆఫ్టన్ దగ్గర దొరికిన మగది: సుమారు 34 కిలోలు. విచిత్రం ఏమంటే అది తూర్పుది కాదు, పడమటిదే.

తోడేలు రక్తం ఎలా వచ్చింది

యూరప్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు తూర్పు అడవుల్ని నరికి పొలాలు చేశారు. గొర్రెల్ని తింటున్నాయని తోడేళ్ళ తలలకు వెల కట్టారు. 19వ శతాబ్దం ముగిసేసరికి న్యూ ఇంగ్లండ్, న్యూయార్క్ ప్రాంతాల్లో తోడేలు మిగల్లేదు, ప్యూమా అనే పెద్ద అడవిపిల్లీ మిగల్లేదు. ఆ ఖాళీలోకి మైదానాల నుంచి కయోటీ నడిచి వచ్చింది. ఒక దారి మహా సరస్సులకు దక్షిణంగా, ఒహాయో మీదుగా. రెండోది సరస్సులకు ఉత్తరంగా, ఆంటారియో మీదుగా. ఈ ఉత్తరపు దారిలోనే అసలు కథ జరిగింది. అక్కడ తోడేళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి గానీ తగిన జోడీ దొరకనంత పలచబడ్డాయి. జోడీ దొరకని తోడేలు కయోటీతో కలిసింది.

2010లో రోలండ్ కేస్ తదితరులు ప్రచురించిన పరిశోధన ఈ రెండు దారుల కయోటీలనూ పుర్రెలతో, జన్యువులతో పోల్చి చూసింది. తోడేలు జాడ ఉత్తరపు దారిలో వచ్చినవాటిలోనే దొరికింది. వాటి పుర్రెలే పెద్దవి. అవి దక్షిణపు దారిలో వచ్చినవాటి కంటే ఐదు రెట్లు వేగంగా కొత్త నేలను ఆక్రమించాయి. ఈ వేగానికి కారణం జింకే. కుందేళ్ళు, ఎలుకలు పట్టుకునే జంతువుకు వెడల్పు దవడ వచ్చి తెల్లతోక జింకను పడగొట్టగలిగితే అడవి ప్రాంతంలో తిండికి కొరత ఉండదు. పాడుబడిన పొలాలు మళ్ళీ అడవులై జింకలు కూడా అప్పటికే విపరీతంగా పెరిగాయి. న్యూయార్క్‌కు 1930, 40లలోనూ, మసాచుసెట్స్‌కు 1950లలోనూ, నోవా స్కోషియాకు 1970లలోనూ ఇవి చేరాయి. 1980ల మధ్యలో సముద్రం మీది మంచుగడ్డల పైనుంచి న్యూఫౌండ్లాండ్ దీవికి కూడా దాటాయి.

2014లో వెలువడిన జన్యు విశ్లేషణ ప్రకారం ఈశాన్యపు కయోటీలో సుమారు 64 శాతం పడమటి కయోటీ, 13 శాతం బూడిదరంగు తోడేలు, 13 శాతం తూర్పు తోడేలు అనే మరో రకం, 10 శాతం కుక్క. నమూనాలు సేకరించిన ఊరినిబట్టి, లెక్కగట్టిన పద్ధతినిబట్టి ఈ పాళ్ళు మారతాయి. పత్రికలు దీనికి కయ్‌వుల్ఫ్ అని పేరు పెట్టి కొత్త జాతిగా ప్రచారం చేశాయి. అది తొందరపాటు. ఇప్పటికీ ఇవి తమలో తాము, పడమటివాటితోనూ అడ్డూ ఆపూ లేకుండా జతకడుతున్నాయి. సగానికి పైగా కయోటీ అయిన జంతువును కయోటీ అనడమే సబబు.

నిజంగా తోడేలే అయినప్పుడు

పెద్ద కయోటీ వార్తల్లో శ్రద్ధగా చూడదగ్గవి కొన్నే. 2007 అక్టోబరులో మసాచుసెట్స్ పడమటి కొండల్లోని షెల్బర్న్ గ్రామంలో ఒక రైతు మందలో గొర్రెపిల్లలు వరుసగా చచ్చాయి. కాపు కాసి కాల్చిన జంతువు 38 కిలోలకు పైగా తూగింది. పరీక్షలు బూడిదరంగు తోడేలని తేల్చాయి. ఆ రాష్ట్రంలో నూట అరవై ఏళ్ళ తర్వాత ధ్రువపడిన మొదటి తోడేలది. 2010లో మిసోరి రాష్ట్రం క్యారల్ కౌంటీలో ఒక వేటగాడు కయోటీ అనుకుని కాల్చింది 47 కిలోలుంది. అదీ తోడేలే. 2012లో న్యూఫౌండ్లాండ్‌లోని బోనవిస్టా ద్వీపకల్పంలో కాల్చిన 37 కిలోల కయోటీ లాబ్రడార్ నుంచి వచ్చిన తోడేలని తేలింది. ఆ దీవిలో తోడేళ్ళు అంతరించి అప్పటికి ఎనభై ఏళ్ళు. 2021 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రం కూపర్స్‌టౌన్ ప్రాంతంలోనూ ఇదే జరిగింది. వేటగాడు తన పెద్ద కయోటీ ఫొటోను గర్వంగా పంచుకున్నాడు. చూసినవాళ్ళకు అనుమానం వచ్చింది. కణజాలం పరీక్షకు వెళ్ళింది. అది తోడేలని 2022లో రాష్ట్ర పర్యావరణ శాఖ ఒప్పుకుంది.

ఇక్కడొక చిక్కుంది. కయోటీ వేటకు చాలా రాష్ట్రాల్లో సంఖ్యా పరిమితి లేదు. తోడేలును చంపడం వాటిలో చాలాచోట్ల నేరం. రెండింటికీ తేడా తుపాకి పేల్చే ముందు, మసక వెలుతురులో, వంద గజాల దూరం నుంచి తెలియాలి. మామూలుగా చెప్పే గుర్తులివి: తోడేలు చెవులు పొట్టి, గుండ్రం, ముట్టె మొద్దు, పంజా అచ్చు మనిషి అరచేతంత ఉంటుంది. కయోటీ చెవులు పొడుగు, కొస తేలినవి, ముట్టె సన్నం, అచ్చు ఆరేడు సెంటీమీటర్లు మించదు. రెండిటి రక్తమూ కలిసిన తూర్పు కయోటీ దగ్గరికి వచ్చేసరికి ఈ గుర్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ఇంటి దాకా ఎందుకు వస్తుంది

షికాగో నగరం చుట్టూ ఉన్న కుక్ కౌంటీలో స్టాన్లీ గెర్ట్ బృందం 2000 సంవత్సరం నుంచి కయోటీల మెడలకు రేడియో పట్టీలు కట్టి గమనిస్తోంది. నగరపు కయోటీల మీద ఇంత దీర్ఘకాలం సాగిన అధ్యయనం ఇంకోటి లేదు. వాటి పెంటికలు ఏరి చూస్తే 42 శాతంలో చిన్న ఎలుకజాతి ప్రాణులు, 23 శాతంలో పళ్ళు, 22 శాతంలో జింక, 18 శాతంలో కుందేలు కనిపించాయి. పిల్లి ఆనవాళ్ళు ఒకటి, రెండు శాతానికి మించలేదు. పోయిన ప్రతి పిల్లినీ కయోటీ ఖాతాలో రాసేవాళ్ళకు ఈ లెక్క రుచించదు. అలాగని పిల్లుల్ని కయోటీలు వదిలేస్తాయని కాదు. చాలాచోట్ల తినకుండానే చంపుతాయి, పోటీదారును చంపినట్టు.

ఇంటి చుట్టూ ఏముందో ఒకసారి కయోటీ కళ్ళతో చూడాలి. పక్షుల కోసం వేలాడదీసిన గింజల డబ్బా కింద రాలిన గింజలకు ఉడుతలు, ఎలుకలు వస్తాయి. చెట్టు కింద రాలిన ఆపిల్ పళ్ళుంటాయి. వాకిట్లో కుక్కకు పెట్టిన గిన్నె, మూత సరిగా పడని చెత్తడబ్బా, కంపోస్టు గుంతలో మాంసపు ముక్కలు, వసారా కింద పిల్లలు పెట్టడానికి పొడినేల. ఇవన్నీ ఉన్న పెరటికి అది రాకపోతేనే ఆశ్చర్యం. వచ్చినప్పుడు మనిషి ఏమీ అనకపోతే మర్నాడు కాస్త ముందే వస్తుంది. కావాలని తిండి విసిరేవాళ్ళుంటే మూడోనాడు చేతివైపు చూస్తుంది. అలా అలవాటుపడినవే ప్రమాదం. బోస్టన్‌కు ఉత్తరాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన నాహంట్ అనే చిన్న ఊళ్ళో పెంపుడు కుక్కలు వరుసగా చావడంతో, అలవాటుపడ్డ కయోటీలను ఫెడరల్ వన్యప్రాణి సిబ్బంది చేత కాల్పించాలని 2022 డిసెంబరులో నిర్ణయించారు.

తెలుగువాళ్ళు పెద్దసంఖ్యలో ఇళ్ళు కొనుక్కున్న టెక్సస్‌లోని ఫ్రిస్కో పట్నంలో 2018 చివర ఇలాంటి గొడవే నడిచింది. తెల్లవారుజామున నడకకూ పరుగుకూ వెళ్ళినవాళ్ళ మీద కయోటీలు దూకి కరిచాయి. నిన్నమొన్నటి దాకా పశువులు మేసిన బీళ్ళలో కాలనీలు లేచిన ఊరది. అక్కడివి పెద్ద తూర్పు కయోటీలు కావు, మైదానాల మామూలు రకం. కరవడానికి పరిమాణంతో పనిలేదని చెప్పడానికి అదొక్కటి చాలు.

కూత కూడా మనుషుల్ని బెదరగొడుతుంది. రాత్రి పూట రెండు కయోటీలు గొంతు కలిపితే పది, పదిహేను ఉన్నట్టు వినిపిస్తుంది. ఒక్కొక్కటి వెంటవెంటనే స్వరం మార్చడం వల్ల, చెట్లకు తగిలి ధ్వని చెదరడం వల్ల అలా అనిపిస్తుంది. చాలామంది అనుకున్నట్టు అది వేట దొరికిందని చేసే అల్లరి కాదు. తమ హద్దు చెప్పుకోవడం, విడిపోయినవాళ్ళు కలుసుకోవడం. తూర్పు కయోటీ గుంపంటే సాధారణంగా ఒక జంట, వాటి పిల్లలు, అంతే. జనవరి నుంచి మార్చి దాకా జతకట్టే కాలం. సుమారు 63 రోజులకు, ఏప్రిల్, మే నెలల్లో, పిల్లలు పుడతాయి. అప్పుడు గూటి దగ్గరికి కుక్కతో వచ్చిన మనిషిని తల్లిదండ్రులు వెంట నడిచి సాగనంపుతాయి. వేటాడుతున్నాయనుకుని జనం హడలిపోతారు.

మనుషుల ప్రాణాలు

అమెరికా, కెనడాల్లో కయోటీ దాడిలో మనిషి చనిపోయినట్టు ధ్రువపడిన ఘటనలు రెండే. 1981లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో మూడేళ్ళ పాప. 2009 అక్టోబరులో నోవా స్కోషియాలోని కేప్ బ్రెటన్ హైలాండ్స్ జాతీయ పార్కులో, స్కైలైన్ కాలిబాట మీద ఒంటరిగా నడుస్తున్న 19 ఏళ్ళ గాయని. పెద్దవాళ్ళను కయోటీలు చంపిన ఒకే ఒక్క ఘటన ఈ రెండోది. అందుకే దాని గురించి చాలా ఏళ్ళు తర్జనభర్జన జరిగింది. ఆ పార్కు కయోటీలు మనుషుల తిండికి మరిగి ఉంటాయని మొదట అందరూ అనుకున్నారు. గెర్ట్ బృందం వాటి మీసాల వెంట్రుకల్లోని ఐసోటోపులు పరీక్షించి, 2022లో వేరే సంగతి చెప్పింది. మనుషుల తిండి జాడ దాదాపు లేదు. ఆహారంలో సగం నుంచి మూడింట రెండు వంతులు మూస్ అనే భారీ జంతువు మాంసం. అక్కడ జింకలు, చిన్న ప్రాణులు తక్కువ. గుర్రం కంటే ఎత్తైన మూస్‌ను పడగొట్టడానికి అలవాటుపడిన కయోటీలకు మనిషి పెద్ద జంతువుగా తోచలేదు. వేట నిషిద్ధమైన పార్కు కావడంతో మనిషంటే భయమూ ఏర్పడలేదు. ఈ రెండూ కలిసిన చోట్లు చాలా తక్కువ. అందుకే ఇలాంటి చావు మరొకటి నమోదు కాలేదు.

ఇతర వేటజంతువులు

పల్లె ఇంటికి కయోటీ కంటే ఎక్కువ నష్టం చేసేది నల్ల ఎలుగు. తేనెపెట్టెలు, కోళ్ళగూళ్ళు, చెత్తడబ్బాలు దాని గురి. మసాచుసెట్స్‌లో ఇప్పుడు 4,500కు పైగా ఉన్నాయని రాష్ట్ర అంచనా. 2014లో న్యూజెర్సీ వెస్ట్ మిల్‌ఫర్డ్ అడవిలో ఎలుగు వెంటబడగా పారిపోయిన స్నేహితుల్లో ఒక విద్యార్థి చనిపోయాడు. ఆ రాష్ట్రంలో ఎలుగు మనిషిని చంపినట్టు నమోదైన మొదటి ఘటన అది. ఎలుగు ఎదురైతే పరుగెత్తకూడదని, పెద్దగా అరుస్తూ మెల్లగా వెనక్కి నడవాలని అధికారులు చెప్పేది ఇందుకే.

బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లి ఇళ్ళ దగ్గరే బతికినా ఎవరి కంటా పడదు. ఫిషర్ అనే మార్టెన్ జాతి జంతువు అయిదారు కిలోలు కూడా ఉండదు గానీ, ఊళ్ళో పిల్లులు మాయమైనా, అర్ధరాత్రి ఆడమనిషి కేకలాంటి అరుపు వినిపించినా నింద దాని మీదే పడుతుంది. ఆ అరుపు చాలాసార్లు ఎర్రనక్కది. కోళ్ళను ఎత్తుకెళ్ళేవాటిలో నక్క, రకూన్, పెద్ద గుడ్లగూబ కయోటీకి ఏమాత్రం తీసిపోవు.

ప్యూమా కథ వేరు. తూర్పు ప్యూమా అంతరించిందని ఫెడరల్ వన్యప్రాణి శాఖ 2011లో నిర్ధారించింది. 2018లో దాన్ని రక్షిత జాబితా నుంచి తొలగించింది. అయినా చూశామనే ఫిర్యాదులు ఆగలేదు. చాలావరకు అవి పచ్చగా, పొడుగ్గా కనిపించిన కయోటీలు, బాబ్‌క్యాట్లు, పెంపుడు పిల్లులే. అయితే 2011 జూన్‌లో కనెక్టికట్‌లోని మిల్‌ఫర్డ్ దగ్గర హైవే మీద ఒక కారు గుద్దింది నిజమైన మగ ప్యూమానే, 63 కిలోలది. డిఎన్‌ఏ చూస్తే దాని పుట్టిల్లు దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్. మినెసోటా, విస్కాన్సిన్‌లలో అది వదిలిన ఆనవాళ్ళు అంతకుముందే నమోదై ఉన్నాయి. జోడీ వెతుక్కుంటూ సుమారు రెండున్నర వేల కిలోమీటర్లు నడిచి వచ్చిందన్నమాట.

మందల కాపలా, చంపుడు లెక్కలు

గొర్రె చచ్చినప్పుడు చంపిందెవరో గాయమే చెబుతుంది. కయోటీ గొంతు కింద, దవడ వెనకాల కరిచి ఊపిరి ఆపుతుంది. ఆ తర్వాత పొట్ట దగ్గర మొదలుపెట్టి తింటుంది. తొడలు, చెవులు, తోక ఎక్కడపడితే అక్కడ చీల్చి, తినకుండా పదింటిని వదిలేసి పోతే అది ఊరకుక్కల పని. ఈ తేడా తెలియక కయోటీ మీద నేరం మోపిన రైతులు తక్కువేమీ కాదు.

కాపలాకు గ్రేట్ పిరనీస్, అనతోలియన్ షెపర్డ్ జాతి కుక్కలను పిల్లలుగా ఉన్నప్పుడే మందలో వదిలి గొర్రెలతో పెంచుతారు. గాడిదలు, లామాలు కూడా కుక్కజాతి అంటే గిట్టక తన్ని తరుముతాయి. కరెంటు తీగ కంచె, రాత్రి పూట కొట్టంలోకి తోలడం, ఈనే కాలంలో గొర్రెలను ఇంటి దగ్గర ఉంచడం వీటన్నిటికంటే నమ్మకమైనవి. కోళ్ళకయితే మామూలు వల చాలదు. గట్టి జాలీ కావాలి, దాని అంచును నేలలోకి పాతాలి.

చంపడం వందేళ్ళుగా సాగుతోంది. ఫెడరల్ ప్రభుత్వం 1915 నుంచి ఉచ్చులు, విషం, తుపాకులు వాడింది. టెన్ ఎయిటీ అనే విషాన్ని 1972లో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూముల్లో ఆపించాడు. ఇప్పటికీ వ్యవసాయ శాఖ సిబ్బంది ఏటా 60 వేలకు అటూ ఇటుగా కయోటీలను చంపుతున్నారు. ప్రైవేటు వేటగాళ్ళ లెక్క వేరు. 1970లలో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు వేసిన అంచనా ప్రకారం ఏటా నాలుగింట మూడొంతులను చంపితే, అదీ యాభై ఏళ్ళు ఆపకుండా చంపితే, జాతి తుడిచిపెట్టుకుపోతుంది. గుంపు పలచబడ్డ చోట తిండి ఎక్కువై ఈతకు పిల్లలు పెరుగుతాయి, చిన్న వయసు ఆడవి కూడా ఈనుతాయి. పక్క ఊళ్ళ కుర్ర కయోటీలు వచ్చి చేరతాయి. తోడేలును తుడిచేసిన పద్ధతులే కయోటీ మీద పనిచేయలేదు. ఇప్పుడది హవాయి మినహా అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది, దక్షిణాన పనామా కాలువ దాటి డరియెన్ అడవి అంచు చేరింది.

గాల్వెస్టన్ కయోటీలు

టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ దీవిలో ఇళ్ళ మధ్య తిరిగే కయోటీలు కొన్ని ఎర్రగా, పొడుగు కాళ్ళతో, తోడేలు పోలికతో ఉండేవి. స్థానికుడొకాయనకు అవి మామూలు కయోటీలు కావనిపించింది. ఫొటోలు తీశాడు. రోడ్డు మీద చచ్చినవాటి కణజాలం దాచి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి పంపాడు. బ్రిజెట్ వాన్‌హోల్ట్ బృందం 2018లో ఫలితం ప్రకటించింది: 1980లో అడవుల్లో అంతరించిందని ప్రకటించిన ఎర్రతోడేలు జన్యువులు వాటిలో ఉన్నాయి. ఆ జన్యువుల్లో కొన్ని, బోనుల్లో పెంచుతున్న ఎర్రతోడేళ్ళలో సైతం ఇప్పుడు లేనివి. ఎర్రతోడేళ్ళను 1987లో ఉత్తర కరొలైనా తీరంలోని అలిగేటర్ రివర్ ఆశ్రయంలో మళ్ళీ వదిలారు. అక్కడ మిగిలినవి రెండు పదులకు అటూ ఇటుగా ఉంటాయి. వేటగాళ్ళు కయోటీ అనుకుని కాల్చకుండా వాటి మెడలకు నారింజరంగు పట్టీలు వేస్తున్నారు. గాల్వెస్టన్‌వాటికి పట్టణపు కయోటీలన్న గుర్తింపే తప్ప తోడేళ్ళకున్న చట్టరక్షణ వర్తించదు. పోయిన జన్యువులను వాటి నుంచి తిరిగి రాబట్టడానికి వీలవుతుందా అన్నది పరిశోధకులు ఇప్పుడు చూస్తున్నారు.